పాతరాతియుగపు భోజనము: కొన్ని అపోహలు

చిత్తూరునుండి తిరుపతికి పోవు దారియు, పీలేరు మీదుగా కడపకు పోవు దారియు పూతలపట్టు దగ్గర విడిపోవును. ఆ చుట్టుపట్ల పల్లెలలో భోజనమనగా రాగిసంగటి, అన్నము, పప్పో పులుసో, చెనక్కాయల ఊరిబిండి, మజ్జిగ. ధనుర్మాసమున అనపగింజలు వచ్చినచో పితికిపప్పు. చుట్టము వచ్చిననాడు నాటుకోడి. తరతరములుగా సాగుచున్న ఈ భోజనమునకు ఇటీవల కొన్ని యిండ్లలో ఆక్షేపణ వచ్చినది. పట్నమున ఉద్యోగము చేయు కుమారుడు ఫోనులో తండ్రితో ఇట్లనును: “నాయనా, సంగటి మానెయ్యి, పప్పు మానెయ్యి. ఆదిమానవుడు తిన్నదే తిను. చక్కెర జబ్బు పోతుంది, మాత్రలతో పనుండదు.” ప్రక్కనున్న తల్లి అడుగును: “మరి చేనిలో పండిన రాగులు, చెనక్కాయలు ఏం చేసేది?”

ఆ తల్లి ప్రశ్న సామాన్యమైనది కాదు. అందులో ఇంటి ఆరోగ్యమును ఉన్నది, ఇంటి ఖర్చును ఉన్నది. కనుక ‘పేలియో’ అను ఈ ఆహారనియమమును గూర్చి జనములో వ్యాపించిన అపోహలను ఒక్కొక్కటిగా విచారింపదలచితిమి.

ముందుగా దాని పుట్టుక. వాల్టర్ వోగ్ట్‌లిన్ అను అమెరికా వైద్యుడు 1975లో రాతియుగపు ఆహారమును గూర్చి ఒక పుస్తకము ప్రకటించెను. 1985లో బాయిడ్ ఈటన్, మెల్విన్ కానర్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక ప్రసిద్ధ వైద్యపత్రికలో దీనిని చర్చించిరి. 2002లో లారెన్ కార్డెయిన్ వ్రాసిన పుస్తకముతో ఈ పేరు లోకమంతట వ్యాపించెను. నియమము స్థూలముగా ఇది: సేద్యము పుట్టిన పిమ్మట వచ్చిన ధాన్యములు, పప్పుదినుసులు, పాలు విడువవలెను, చక్కెరయు, కార్ఖానాలలో తయారైన తినుబండారములును విడువవలెను. మాంసము, చేపలు, గ్రుడ్లు, కూరగాయలు, పండ్లు, బాదమువంటి గింజలు తినవలెను.

మొదటి అపోహ: ఆదిమానవుడు కేవలము మాంసాహారి అనుట. ఇది ఎట్లు పుట్టినదో తెలిసికొనుటకు మనము దూరము పోనక్కరలేదు. పూతలపట్టునుండి రెండు గంటల లోపు ప్రయాణములో రేణిగుంట ఉన్నది. అక్కడి రాళ్లకాలువ పరిసరములలో 1960వ దశకమున ఎం. ఎల్. కె. మూర్తిగారు పరిశోధన చేసి, పాతరాతియుగపు చివరి దశకు చెందిన సన్నని రాతి పనిముట్లను వెలికి తెచ్చిరి. అంతకు చాలకాలము ముందే, 1884లో, రాబర్ట్ బ్రూస్ ఫుట్ బేతంచర్ల దగ్గరి బిల్లసర్గం గుహలను శోధించినపుడు జంతువుల యెముకలు విస్తారముగా దొరికినవి. రాయి నిలుచును, ఎముకయు కొంతవరకు నిలుచును. త్రవ్వి తిన్న దుంప నిలువదు, కోసి తిన్న పండు నిలువదు, ఆకు అసలే నిలువదు. నిలిచిన వస్తువులను మాత్రమే చూచి, తిన్నదంతయు మాంసమే అనుకొనుట పొరపాటు.

నల్లమల చెంచుల జీవితమును గూర్చి హైమెన్‌డార్ఫ్ 1943లో ప్రకటించిన గ్రంథమును చూచినచో ఈ సంగతి స్పష్టమగును. వేట వారికి తెలియును. కాని కర్రతో త్రవ్వి తెచ్చిన దుంపలు, అడవిపండ్లు, ఇప్పపూలు, తేనె వారి ఆహారములో ముఖ్యభాగము. నేటి చెంచులు రాతియుగపు మనుష్యులని మా అభిప్రాయము కాదు; వారును మనవంటి వర్తమానులే. అడవిని నమ్ముకొన్న జీవనములో మొక్కలకు ఎంత చోటున్నదో చూపుటకే ఈ ఉదాహరణము.

రెండవ అపోహ: ఆదిమానవుని భోజనము లోకమంతట ఒక్కటే అనుట. మంచుదేశపు ఇన్యూట్ జనులు సముద్రజంతువుల మాంసము, కొవ్వులమీద ఆధారపడిరి. టాంజానియాలోని హాడ్జాలు దుంపలు, పండ్లు, తేనె, వేటమాంసము కలిపి తిందురు. ఎక్కడ ఏది దొరకినచో అదియే అక్కడి భోజనము.

మూడవ అపోహ: సేద్యమునకు ముందు మానవుడు ధాన్యము ముట్టలేదనుట. ఇశ్రాయేలులో ఓహాలో అను చోట 23,000 ఏండ్లనాటి నివాసములో అడవి యవలు దొరికినవి. అక్కడి నూరుడురాతిమీద గింజల పిండి ఆనవాళ్లును ఉన్నవి. జోర్డానులో 14,000 ఏండ్లకు పైబడిన రొట్టె ముక్కలు దొరికినట్లు 2018లో ప్రకటించిరి. అవి అక్కడ సేద్యము ఆరంభమగుటకు కొన్ని వేల ఏండ్ల ముందటివి. మన దక్షిణాపథములో తొలి సేద్యగాండ్రు పండించినవి ఉలవలు, పెసలు, అండుకొర్రలు. నాలుగువేల ఏండ్లకు పైగా అవి ఈ నేలమీద ఉన్నవి. రాగి మాత్రము ఆఫ్రికానుండి వచ్చినది.

ఇక నేటి వంటయింటిలో రాతియుగమును వెదకుట ఎంత కష్టమో చూడుడు. మిరపకాయ, టొమాటో, చెనక్కాయ మూడును అమెరికా ఖండములవి. పోర్చుగీసువారు 1498లో మన తీరమునకు వచ్చిన పిమ్మట చేరినవి. పేలియో నియమము మొదటి రెంటిని అంగీకరించి, పప్పుజాతి అని చెనక్కాయను నిషేధించును. మన తోటలలోని బెంగుళూరా మామిడియు, సంతలోని క్యాబేజీయు రైతు చేతిలో రూపము మార్చుకొన్నవే. కనుక నేడు ఎవరు ఏమి తిన్నను అది రాతియుగపు భోజనము కానేరదు.

నాలుగవ అపోహ: సేద్యము వచ్చి పదివేల ఏండ్లే అయినది గనుక మన దేహము మారలేదనుట. పెద్దవయసులో పాలు జీర్ణించుకొను శక్తి పశుపోషణ ఆరంభమైన తరువాతనే వ్యాపించినది. మన దేశమునను అనేకులకు అది కలదు, కొందరికి లేదు. పిండిపదార్థము ఎక్కువగా తిను జాతులలో, దానిని జీర్ణించు లాలాజలరసమునకు సంబంధించిన జన్యువు ప్రతులు సగటున హెచ్చుగా ఉన్నట్లు 2007లో ఒక పరిశోధన తెలిపినది.

ఐదవ అపోహ: కొవ్వు ఎక్కువగా తిను పద్ధతులన్నియు పేలియోయే అనుట. 2017, 2018 ప్రాంతములలో వీరమాచనేని రామకృష్ణగారి ప్రచారముతో తెలుగునాట వ్యాపించిన కొబ్బరినూనె, నిమ్మకాయల పద్ధతి వేరు. పొరుగు తమిళనాట పేలియో పేరుతోనే సాగు పద్ధతిలో వెన్న, నెయ్యి, పన్నీరు ఉన్నవి. మూలనియమము పాలను నిషేధించినది. ఒకరు ఒకటి చెప్పగా మరియొకరు వేరొకటి ఆచరించి, ఫలితము మాత్రము ఒక్కటే రావలెనని కోరుట న్యాయము కాదు.

ఆరవ అపోహ అన్నిటికంటె ప్రమాదకరమైనది: ఈ భోజనము మొదలుపెట్టిన నాడే మందులు మానవచ్చుననుట. అన్నము, సంగటి హఠాత్తుగా తగ్గించి, ఇన్సులినో గ్లిమిపిరైడువంటి మాత్రయో పూర్వపు మోతాదులోనే వాడినచో రక్తములో చక్కెర మితిమీరి పడిపోవును. చెమట, వణకు, మాట తడబాటు, స్పృహ తప్పుట దాని గురుతులు. దీనికి భయపడి తమంతట తాము మందు మానుటయు తగదు. కొందరి దేహములో ఇన్సులిను దాదాపుగా ఉండదు; వారు సూదిమందు మానినచో ప్రాణాపాయము. డాపాగ్లిఫ్లోజిను జాతి మాత్రలు వాడువారు పిండిపదార్థమును బొత్తిగా మానినచో, చక్కెర ఎక్కువ లేకున్నను రక్తములో ఆమ్లములు పేరుకొను ప్రమాదమున్నది. మూత్రపిండములు దెబ్బతిన్నవారికి మితిమీరిన మాంసకృత్తులు భారము. మందు మోతాదు తగ్గునో లేదో, పరీక్ష చేసి వైద్యుడు చెప్పవలసిన మాట. ఫోనులో కుమారుడు చెప్పదగిన మాట కాదు.

అయినచో ఈ నియమములో మంచియే లేదా? ఉన్నది. చక్కెర, మైదా, పొట్లాల తిండి మానుమనుట మంచి మాట. కూరగాయలు పెంచుమనుట మంచి మాట. స్వీడనులో 13 మంది మధుమేహరోగులపై జరిగి 2009లో వెలువడిన చిన్న పరిశోధనలో, మూడు నెలల పేలియో భోజనమున చక్కెరయు, బరువును మామూలు పథ్యముకంటె ఎక్కువ తగ్గినవి. అదే దేశమున 70 మంది స్త్రీలపై రెండేండ్లు సాగి 2014లో వెలువడిన పరిశోధనలో, ఆరు నెలలకు కనబడిన ఆధిక్యము రెండేండ్లకు స్పష్టముగా నిలువలేదు. ఏ పథ్యమునకైనను కష్టము ఆరంభములో కాదు, కొనసాగించుటలో ఉన్నది.

మన దేశమున 10 కోట్లకు పైగా మధుమేహరోగులున్నట్లు భారత వైద్య పరిశోధన మండలివారి సర్వే 2023లో తెలిపినది. మన ఆహారశక్తిలో సుమారు 62 శాతము పిండిపదార్థములనుండియే వచ్చుచున్నట్లు 2025లో అదే సర్వే వివరించినది. కాబట్టి కుమారుని ఆందోళనకు కారణము లేకపోలేదు. సంగటి ఎంత తిన్నను చక్కెర పెరగదనుకొనుటయు మరియొక అపోహయే. రాగిలోను మూడింట రెండు వంతులకు పైగా పిండిపదార్థమే. కాని నూరు గ్రాముల రాగిలో సుమారు 350 మిల్లీగ్రాముల సున్నము ఉన్నది. అంతే తూకము పాలలో సుమారు 120 మాత్రమే. పాలు, రాగి రెండును ఒక్కసారి మానినవారు ఆ సున్నమును ఎక్కడనుండి తెచ్చుకొందురో ఆలోచింపవలెను.

ఇక ఆ తల్లి ప్రశ్నకు మా సమాధానము. అమ్మా, రాగులు గాదెలోనే ఉండనిండు. రెండు ముద్దలు పెట్టుచోట ఒకటి పెట్టుడు. ఆ ఖాళీలో ఆకుకూర, అనపగింజలు, ఉలవలు, వీలైననాడు గ్రుడ్డో చేపో చేర్చుడు. చెనక్కాయలు మితముగా వాడుడు. సాయంకాలపు బిస్కత్తులను, సీసాలలోని తీపినీళ్లను ఇంటిలోనికి రానీయకుడు. పప్పు మానవలసిన పనిలేదు. ఇంటాయనను వైద్యునియొద్దకు తీసికొనిపోయి, భోజనములో చేయబోవు మార్పును ముందే చెప్పి, మాత్రల మోతాదు అడుగుడు. కుమారుడు ఈమారు ఊరికి వచ్చినపుడు అతనిని కూడ వెంట రమ్మనుడు.