పేరు మారినా నిలిచిన భక్తి

బంగారాన్ని అన్వేషిస్తూ బయలుదేరిన నౌకల్లో శిలువ కూడా ప్రయాణించింది. 1471లో పోర్చుగీసు నావికులు పశ్చిమాఫ్రికాలో, నేటి ఘనా దేశపు తీరాన్ని చేరుకున్నారు. 1482 జనవరిలో దియోగో ద అజంబూజా కోట నిర్మాణానికై ఎల్మినాలో దిగి, ఒక చెట్టు నీడన ప్రార్థన జరిపించాడు. స్థానిక పాలకుడు కరమాన్సా అతిథులను ఆదరించాడే గాని, వారి స్థిరనివాసానికి సులువుగా సమ్మతించలేదు. అప్పుడప్పుడు కలుసుకొనే మిత్రుల నడుమనే స్నేహం నిలుస్తుందని ఆయన హితవు పలికినట్లు పోర్చుగీసు చరిత్రకారులు రాశారు.

ఎట్టకేలకు పని ఆరంభమైంది. కోట గోడల కోసం పనివారు అక్కడి శిలలను పగులగొట్టారు. అవి ఊరివారు దైవంగా కొలిచే శిలలు! జనం ఆగ్రహించి తిరగబడ్డారు. కానుకలు సమర్పించి వారిని శాంతింపజేయవలసి వచ్చింది. ఒకరికి కేవలం రాయి, మరొకరికి సాక్షాత్తు దైవం.

కోటలో చర్చి వెలసింది. ఊరివారిలో కొందరు క్రైస్తవం స్వీకరించారు. 1637లో డచ్చివారు కోటను జయించారు. వారు ప్రొటెస్టెంట్లు, విగ్రహారాధనను అంగీకరించరు. క్యాథలిక్ గురువులు వెళ్లిపోయినా, పోర్చుగీసువారు కొలిచిన సెయింట్ ఆంథోనీ మాత్రం ఊరిని విడిచిపోలేదు. 'న్తోనా' అన్న పేరుతో స్థానిక దేవతల సరసన కొలువుదీరాడు. ఆయనకు పూజాస్థానం, పూజారులు ఏర్పడ్డారు. 1880లో క్యాథలిక్ మతప్రచారకులు తిరిగి వచ్చేనాటికీ ఆ ఆరాధన సజీవంగానే ఉంది.

అయితే, ప్రార్థనలు సాగిన ఆ కోటలోనే బానిసలను బంధించిన చీకటి గదులు ఉన్నాయి. బాల్యంలో బానిసగా అమ్ముడుపోయిన జాకోబస్ కాపిటైన్ హాలెండులో విద్యనభ్యసించాడు. బానిసత్వం క్రైస్తవానికి విరుద్ధం కాదని 1742లో లైడెన్ విశ్వవిద్యాలయంలో వాదించాడు. అదే ఏడాది మతగురువై ఎల్మినా చేరాడు. ప్రార్థనను ఫాంటీ భాషలోకి అనువదించాడు. కాని ఆ గదుల తలుపులు తెరిపించలేకపోయాడు. 1747లో, ముప్పై ఏళ్ల ప్రాయంలోనే కన్నుమూశాడు.

నేటికీ జూలై తొలి మంగళవారం ఎల్మినా వాసులు బకాటుయే పండుగ జరుపుకొంటారు. బెన్యా మడుగు దేవతకు నైవేద్యం సమర్పించి, తొలి వల విసురుతారు. చర్చి గంటలూ ఆ ఊరిలోనే మోగుతాయి. భక్తి ఏ నామాన్నైనా ఆశ్రయించి జీవించగలదు. దయను విడిచిన నాడు మాత్రం ఎంతటి ప్రార్థనామందిరమైనా రాతి కట్టడంగానే మిగులుతుంది.