లిఫ్టు లేవడం లేదా? ముందు ఆయిల్ చూడండి

తొలకరికి నేల పదునెక్కింది. కిరాయి ట్రాక్టరు కోసం నలుగురు రైతులు కాచుకున్నారు. తీరా చేలోకి దిగాక కల్టివేటరు పైకి లేవనంటుంది. బండి షెడ్డుకు పోతే రెండు రోజులు పని బంద్. ఈలోగా పదును ఆరిపోతుంది. పాత ట్రాక్టరు కొనుక్కుని సొంత పొలంతోపాటు కిరాయికీ తిప్పుకునే చిన్న రైతుకు ఇది పెద్ద దెబ్బే. అన్నిసార్లూ పంపే పోయి ఉండదు. తగని ఆయిల్ పోసినా, ఉన్న ఆయిల్ తగ్గినా, మురికి పట్టినా లిఫ్టు మొరాయిస్తుంది.

అంకెల సంగతి

హైడ్రాలిక్ ఆయిల్ డబ్బా మీద 32, 46, 68 అని ఉంటుంది. అది 40 డిగ్రీల వేడి దగ్గర కొలిచిన చిక్కదనం. అంకె పెరిగేకొద్దీ ఆయిల్ చిక్కన. వేడెక్కితే ఏ ఆయిలైనా పలచబడుతుంది. మరీ పలచనైతే పంపు సందుల్లోంచి వెనక్కి జారి ఒత్తిడి తగ్గుతుంది. పొద్దున బాగా లేచిన లిఫ్టు మధ్యాహ్నం ఎండకు నీరసిస్తే ఆయిల్ పలచనైనా అయి ఉండాలి, పంపు అరిగైనా ఉండాలి. అలాగని మరీ చిక్కనిది పోస్తే చలికాలం పొద్దున్నే పంపు దాన్ని లాగలేక కూత పెడుతుంది. అందుకే కంపెనీ పుస్తకంలో ఏ అంకె రాసి ఉంటే అదే పోయాలి.

ఒకే ఆయిల్, మూడు పనులు

చాలా ట్రాక్టర్లలో గేర్లు, లిఫ్టు, ఆయిల్ బ్రేకులు మూడింటికీ ఒకటే ఆయిల్. అలాంటి బండికి మామూలు హైడ్రాలిక్ ఆయిల్ పనికిరాదు. యూటీటీఓ రకం కావాలి. వేరేది పోస్తే బ్రేకులు కీచుమంటాయి, సరిగా పట్టవు. లోడు ట్రక్కుతో పల్లం దిగేటప్పుడు అది ప్రాణాల మీదికి తెస్తుంది. చౌక అని ఇంజను నుంచి తీసిన నల్ల ఆయిల్ అసలు పోయొద్దు. అందులోని మసి, ఇనుప రజను పంపును తినేస్తాయి.

దమ్ములో నీళ్ళ బెడద

దమ్ము చేసేటప్పుడు సీళ్ళు పాడై ఉంటే నీరు లోపలికి చేరుతుంది. ఆయిల్ మజ్జిగలా తెల్లబడితే నీరు కలిసినట్టే. పైన కొత్త ఆయిల్ కలిపితే లాభం లేదు. సీలు మార్చి, పాతదంతా దింపి, జాలీ కడిగి, ఫిల్టరు మార్చి కొత్తది పోయాలి.

ఆయిల్ నురగ కడుతుంటే మట్టం తగ్గిందేమో, పంపుకు వచ్చే గొట్టం దగ్గర గాలి లాగుతుందేమో చూడాలి. ట్రక్కు ఎత్తడానికి కూడా ట్రాక్టరు ఆయిలే వెళుతుంది. ఒకే ట్రక్కును వేర్వేరు బండ్లకు తగిలిస్తే ఒకదాని మురికి ఇంకోదానికి ఎక్కుతుంది. పైపు తగిలించే ముందు మూతులు శుభ్రమైన గుడ్డతో తుడవాలి.

ఇవి మరవొద్దు

* బండిని చదును నేల మీద ఆపి, లిఫ్టు కిందకు దించి మట్టం చూడాలి.
* లూజు ఆయిల్ వద్దు. సీలున్న డబ్బా కొని, బిల్లు తీసుకోవాలి.
* పుస్తకంలో రాసిన గంటలకు ఆయిల్, ఫిల్టరు మార్చాలి.
* పైకెత్తిన పనిముట్టు కింద, ట్రక్కు కింద దన్ను పెట్టకుండా దూరొద్దు.

పాత బండి కొనేటప్పుడు పుస్తకం కూడా అడిగి తీసుకోండి. అది లేకపోతే మోడలు పేరు చెప్పి డీలరు దగ్గర ఆయిల్ రకం రాయించుకోండి. డబ్బాకు నాలుగు డబ్బులు ఎక్కువైనా, పదునుమీద పని ఆగకపోవడమే రైతుకు మిగులు.