చెట్టు లేని చేలో చంటిబిడ్డకు ఉయ్యాల
మూడు వెదుళ్లు, రెండు తాళ్లు.. మడిచి ట్రక్కులో వేసుకుపోవచ్చు

మిరప కోతల రోజుల్లో తెల్లారగట్ల నరసరావుపేట, గురజాల, మాచర్ల రోడ్ల మీద నిలబడి చూడండి. కూలీల ఆటోలు, ట్రాక్టర్ ట్రక్కులు వరసగా పోతుంటాయి. అన్నం క్యారేజీలు, నీళ్ల డబ్బాలతోపాటు ఒకరిద్దరి ఒళ్లో చంటిబిడ్డలు కూడా ఉంటారు. ఇంటి దగ్గర చూసుకునే ముసలమ్మ లేకపోతే ఆ తల్లి ఏం చేస్తుంది? కోత మానుకుంటే కూలి పోయె. బిడ్డను వదిలి వస్తే పాలకు ఏడ్చె. అంగన్‌వాడీలో ఆటపాటలకు కూర్చోబెట్టుకునేది మూడేళ్లు నిండిన పిల్లల్ని. ఆరు నెలల బిడ్డను పొద్దున దించి సాయంత్రం తీసుకుపోతామంటే మన ఊళ్లలో అంత తేలిగ్గా కుదిరే పని కాదు. అందుకే చంకనేసుకుని చేలోకి వస్తుంది.

వచ్చాక అసలు చిక్కు మొదలవుతుంది. బిడ్డను ఎక్కడ పడుకోబెట్టాలి?

చెట్టుంటే బాధ లేదు. వేప కొమ్మకో, తుమ్మ కొమ్మకో పాత చీర కడితే ఉయ్యాల తయారు. మన అమ్మలూ అమ్మమ్మలూ అట్లాగే పెంచారు. కానీ మన నల్లరేగళ్లలో ఎకరాలకు ఎకరాలు చూసినా ఒక్క చెట్టు కనపడని చేలు ఎన్నో. ఉన్న ఒక్క చెట్టూ డొంక పక్కనో కాలవ గట్టునో ఉంటుంది. సాళ్లు దాటి తల్లి అవతలికి పోయేసరికి బిడ్డ ఏడుపు వినపడదు. వినపడినా వచ్చిపోవడానికి చాలా సేపు పడుతుంది. ముఠా మేస్త్రీ గొణుగుతాడు.

వెనకటికి ఎడ్ల బండి ఉండేది. కాడి ఎత్తి కింద పోటు పెట్టి, బండి కింద చీర కట్టేవాళ్లు. నీడకు నీడ, ఉయ్యాలకు ఉయ్యాల. బండ్లు తగ్గిపోయి ట్రాక్టర్లు వచ్చాక ఆ అలవాటే ట్రక్కు కిందికి మారింది. ఇది మాత్రం వద్దే వద్దు. బండి అయితే ఎడ్లను కట్టందే కదలదు. ట్రాక్టరును డ్రైవరు వచ్చి ఒక్కసారి తాళం తిప్పితే చాలు. కింద బిడ్డ ఉన్న సంగతి అతనికి ఎవరు చెప్పారు? ట్రక్కు కింద పెద్దవాళ్లు నడుం వాల్చడమూ ప్రమాదమే, చంటిపిల్ల సంగతి చెప్పేదేముంది.

ఇక నేల మీద గుడ్డ పరిచి పడుకోబెట్టడం. చీమలు, తేళ్లు, పాములు.. రైతులకు కొత్తగా చెప్పాల్సింది కాదు.

మనతోపాటు వచ్చే ఉయ్యాల

చెట్టు మన దగ్గరకు రాదు కాబట్టి ఉయ్యాల కట్టే కొయ్యనే మనం తీసుకుపోవాలి. దీనికి మూడు కాళ్ల కట్టే సరైనది. నాలుగు కాళ్ల స్టాండు ఎగుడుదిగుడు నేలలో ఒక కాలు ఎప్పుడూ గాల్లో ఉంటుంది. మూడు కాళ్లది ఎక్కడ పెట్టినా మూడూ ఆనతాయి. ముక్కాలి పీట ఊగదని మనకు తెలిసిందే కదా.

పట్నాల్లోనూ విదేశాల్లోనూ తోటల్లో వేసుకునే ఊగే పడకలు చూసి ఉంటారు. రెండు చెట్లకు రెండు చివర్లు కట్టి మధ్యలో పడుకుంటారు. 1492లో కొలంబస్ ఓడలు చేరిన దీవుల్లో అక్కడి జనం అట్లాంటి వల పడకల్లోనే పడుకునేవారు. వాళ్లను చూసే ఓడ కళాసీలు నేర్చుకున్నారు. మరి మనమూ అట్లా రెండు కొసలూ రెండు కర్రలకు కట్టుకోవచ్చు కదా అంటే, అక్కడే తిరకాసు ఉంది. గుడ్డ ఎంత బిగించి కడితే కొసల మీద లాగుడు అంత పెరుగుతుంది. పది కిలోల బిడ్డ పడుకుంటే, తాడు నేలబారుకు 30 డిగ్రీల వాలులో ఉన్నప్పుడు ఒక్కో కొస మీద పడే లాగుడు పది కిలోలు. అదే తాడు బాగా బిగించి వాలు 10 డిగ్రీలకు దించితే ఒక్కో కొస మీద దాదాపు 29 కిలోలు! 70 కిలోల మనిషి పడుకుంటే రెండు వందల కిలోలు. పైగా ఆ లాగుడంతా కర్రలను లోపలికి పడేసేదే. దాన్ని ఆపాలంటే బరువైన ఇనుప స్టాండు కావాలి. అది చేలోకి మోసుకుపోయేది కాదు. కళ్లంలో మిరపకాయల కాపలాకు ఇట్లాంటిది చేయించుకుంటే ఎట్లా ఉంటుందని అడిగేవాళ్లూ ఉన్నారు. ఆ పనికి నులక మంచమే మేలని నా ఉద్దేశం.

చంటిబిడ్డకు మనం కట్టేది చీర రెండు కొసలూ పైన ఒకే చోట కలిపే ఉయ్యాల. బరువంతా నిట్టనిలువుగా కిందికే దిగుతుంది. కాబట్టి సన్న వెదుళ్లు మూడు చాలు.

కట్టే పద్ధతి

గట్టి వెదురు, లోపల డొల్ల తక్కువ ఉన్నది, మూడు కర్రలు తీసుకోండి. ఒక్కొక్కటి ఏడున్నర అడుగులు. అంగుళంపావు మందం సరిపోతుంది. పగిలినవి, పురుగు తొలిచి పిండి రాలేవి పనికిరావు. కణుపుల దగ్గర ముళ్లు, పేళ్లు లేకుండా చెక్కించాలి. అంగుళం జీఐ పైపులతో చేయిస్తే మూడూ కలిసి పన్నెండు కిలోలు దాటుతాయి. చంకలో బిడ్డ, చేతిలో క్యారేజీ ఉన్న తల్లికి అది శిక్షే. వెదురైతే అందులో మూడో వంతు ఉంటుందేమో.

మూడు కర్రలనూ నేల మీద పక్కపక్కన పేర్చి, పై కొస నుంచి అర అడుగు కింద తాడు మొదలుపెట్టండి. ఒక కర్ర మీదుగా, రెండోదాని కిందుగా, మూడోదాని మీదుగా.. మళ్లీ వెనక్కి. నులక అల్లినట్టు ఆరేడు చుట్లు తిప్పాలి. తర్వాత కర్రకూ కర్రకూ మధ్య సందులో అడ్డంగా రెండేసి చుట్లు బిగించి ముడెయ్యాలి. మరీ బిగిస్తే కాళ్లు విడవవు, వదులైతే జారుతుంది. ఒకటికి రెండుసార్లు కట్టి చూస్తే చెయ్యి కుదురుతుంది. నిలబెట్టి నడిమి కర్రను వెనక్కి, పక్క రెండింటినీ ముందుకు లాగితే ముక్కాలి సిద్ధం. పని అయ్యాక కాళ్లు దగ్గరకు చేర్చితే మళ్లీ మోపు. మోపును ట్రక్కు అంచుకు కట్టుకోవచ్చు.

తాడు బదులు పైన బెజ్జం వేసి బోల్టు బిగించేవాళ్లు ఉన్నారు. కొస దగ్గర బెజ్జం వేస్తే వెదురు నిలువునా చీలుతుంది. వెయ్యాల్సి వస్తే కణుపుకు కిందుగా వేసి, దానికి పైనా కిందా కట్టుతీగ చుట్టాలి. కర్రలను రెండు ముక్కలు చేసి పైపు తొడుగుతో అతికిస్తే ఆటోలో పడుతుంది గానీ, తొడుగు అడుగు పొడవన్నా లేకపోతే అతుకు దగ్గర ఊగుతుంది. ట్రక్కులో పోయేవాళ్లకు ఆ తంటా అక్కర్లేదు.

ఉయ్యాల తాడు వేరుగా ఉండాలి. బొటనవేలి లావు తాడును మూడు కర్రలూ కలిసే కట్టు మీదుగా తిప్పి కిందికి వదలాలి. చీర కొసలు దానికి కట్టాలి. ఉయ్యాల అడుగు నేలకు అడుగున్నర ఎత్తులో ఉంటే మంచిది. అంతకన్నా ఎత్తు వద్దు.

బలం గురించి కాదు బెంగ

ఇది రాసేముందు నేనూ ఒకటి కట్టి చూశాను. బిడ్డ బదులు పంచెలో పది కిలోల కందులు మూటగట్టి వేలాడదీశాను. కర్రలు కిక్కురుమనలేదు. శభాష్ అనుకుని జానెడు దూరం ఊపానో లేదో, ముక్కాలి మొత్తం పక్కకు ఒరిగి మూట ధభేల్‌మని నేల మీద పడింది. కందులు పెరడంతా. ఏరడానికి గంట పట్టింది. ఇంట్లోవాళ్లు ఇప్పటికీ నవ్వుతుంటారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ మూటలో బిడ్డ ఉంటే?

కొలిచి చూస్తే కాళ్ల మధ్య మూడడుగులే ఎడం ఉంది. అదీ తప్పు. కాలికీ కాలికీ మధ్య నాలుగున్నర అడుగులు ఉండాలి. అప్పుడు పైకట్టు నేలకు ఆరున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది. ఉయ్యాలను ఒక అడుగు దూరం వరకు ఊపినా బరువు మూడు కాళ్ల లోపలే పడుతుంది. అడుగు దాటితే ఎదుటి కాలు లేవడం మొదలవుతుంది. కాబట్టి జానెడు ఊపే మన హద్దు. ఊపు కూడా రెండు కాళ్ల మధ్య ఖాళీ వైపే ఉండాలి, కాలి వైపు ఊపితే బిడ్డ తల కర్రకు తగులుతుంది.

ఇంకో మాట. కాళ్లు బయటికి జారకుండా నేలకు జానెడు ఎత్తులో మూడు కాళ్లనూ చుట్టి ఒక తాడు కట్టాలి. దీన్ని మరిచిపోతే మిగతాదంతా వృథా. ఆ తాడుకు కాళ్లు వచ్చే చోట ముడులు వేసి ఉంచుకుంటే రోజూ కొలిచే పని ఉండదు. పశువులను కట్టే గూటాలు మూడుంటే ఒక్కో కాలి పక్కన కొట్టి కట్టేయండి. పెద్ద పిల్లలు వచ్చి కర్ర పట్టుకుని వేలాడినా పడకుండా ఉండాలంటే గూటాలు కావాల్సిందే. నిజానికి ఎక్కువ భయం వాళ్లతోనే. చెల్లిని ఊపమని బడి మాన్పించి తీసుకొచ్చిన ఏడెనిమిదేళ్ల ఆడపిల్ల ఆటలో పడి గట్టిగా ఊపుతుంది. ముక్కాలి తల్లి కోసే సాలు దగ్గరే ఉంటే ఆ పిల్ల బడికి పోవచ్చు. నాకు ఈ ఉయ్యాల మీద ఇష్టం కలగడానికి అది సగం కారణం.

నల్లరేగడి ఎండితే నెర్రెలు విడుస్తుంది. కాలు నెర్రెలో దిగితే ముక్కాలి వాలుతుంది. చోటు చూసుకుని పెట్టాలి. తడి ఉన్న చేలో కాళ్ల కింద నాపరాయి ముక్కలు వేస్తే దిగబడవు. నాపరాళ్లకు మన దగ్గర కరువా? అయితే రాయి మీద వెదురు జారుతుంది కనుక కాళ్ల తాడు మరింత అవసరం.

బిడ్డను పడుకోబెట్టే ముందు ముప్పై కిలోల ధాన్యం మూట వేలాడదీసి కాసేపు చూడండి. ముడులు జారితే అప్పుడే తెలుస్తుంది. ప్లాస్టిక్ తాడు ఎండకు పెళుసెక్కుతుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది, ఒకనాడు పుటుక్కుమంటుంది. చీర నూలుదైతే గాలి ఆడుతుంది. కానీ మరీ నలిగిన చీర వద్దు.

పడుకోబెట్టాక చూసుకోవాల్సినవి

కొసలు రెండూ ఒకచోట కలిపితే గుడ్డ బిడ్డ ముఖం మీదికి మూసుకుంటుంది. రెండడుగుల అడ్డకర్ర పెట్టి మూతి తెరిచి ఉంచాలి. బిడ్డ గడ్డం రొమ్ముకు ఆని ముడుచుకుని ఉంటే ఊపిరి ఆడడం కష్టం. వెల్లకిలా, ముఖం కనపడేట్టు ఉండాలి. తాడు కొసలు బిడ్డ చేతికందేలా వేలాడకూడదు, మెడకు చుట్టుకుంటాయి. బోర్లాపడి, లేచి కూర్చునే వయసు వచ్చిందంటే ఈ ఉయ్యాల మానెయ్యాలి.

మన రెంటచింతల ఎండ రాష్ట్రమంతా చెప్పుకునేది. ముక్కాలి మీద ఎండ వచ్చే వైపు పాత చీరో గోనెపట్టానో కప్పండి, మిగతా రెండు వైపులా వదిలేయండి. చుట్టూ మూసినా, ప్లాస్టిక్ పట్టా కప్పినా లోపల ఉడికిపోతుంది. ఎండ తిరిగేకొద్దీ కప్పు కూడా తిప్పాలి. వడగాడ్పులు కొట్టే రోజున మాత్రం ఏ ఉయ్యాలా కాపాడదు, బిడ్డను చేలోకి తేకపోవడమే మంచిది.

మందు కొట్టే చేలో, కొట్టి ఆరని చేలో, పక్క చేలో కొడుతుంటే గాలి ఇటు వచ్చే చోట ఉయ్యాల వెయ్యకండి. పురుగుమందు సంచులు, డబ్బాలకు కట్టిన తాళ్లు దేనికీ వాడొద్దు. పాలిచ్చే ముందు తల్లి చేతులు కడుక్కోవాలి. మిరప కోసిన చేతులకు ఉత్త నీళ్లు చాలవు, ఆ ఘాటు నీళ్లలో కరగదు. కాస్త నూనె రాసి, తర్వాత సబ్బుతో కడిగితే వదులుతుంది. కోసేటప్పుడు కట్టుకున్న పైగుడ్డ కూడా తీసెయ్యాలి. లేకుంటే బిడ్డ కళ్లు మండి ఏడుస్తుంది, ఆకలని మనం అనుకుంటాం.

ఎవరు కట్టించాలి?

2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టంలో, పని దగ్గరకు ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురో అంతకన్నా ఎక్కువ మందో వస్తే చూసుకోవడానికి కూలీల్లోనే ఒక మహిళను పెట్టాలని, ఆమెకూ కూలి ఇవ్వాలని రాశారు. సర్కారు పనికి రాసిన మాట సొంత చేలకు వర్తించదు. కర్నూలు వైపు నుంచి కోతలకు వలస వచ్చే కుటుంబాలకైతే ఇంటి దగ్గర దిగబెట్టి రావడానికి ఇక్కడ ఇల్లే లేదు. అరెకరం, ఎకరం రైతుకు ఇదంతా ఎందుకని అనిపించవచ్చు. కానీ ఆ అరెకరంలో కోసేది చాలాసార్లు తన భార్యో కోడలో. తన పని అయ్యాక ఆమే పక్క చేలోకి కూలికి పోతుంది. పది మంది కూలీలను పిలిచే రైతు ఒక ముక్కాలి కట్టించి చేలో ఉంచితే తల్లి మనసు నిలకడగా పని మీద ఉంటుంది. ముఠా మొత్తానికి ఒకటుంటే ఊరూరికీ వెంట తీసుకుపోవచ్చు.

కోతలు అయిపోయాక వెదుళ్లను నేల మీద పడేస్తే చెదలు పడతాయి. మోపు కట్టి చూరు కింద వేలాడదీయండి. తాళ్లు విప్పి పారేయండి. మళ్లీ పత్తి తీతలు మొదలయ్యే ముందు కర్రలను దించి, చీలికలు ఉన్నాయేమో చేత్తో తడిమి చూసి, కొత్త తాడుతో కట్టుకోవాలి.