గీజరు మరమ్మత్తు: జేబుకు చిల్లు పడేదెక్కడ?

ఆదిలాబాద్: డిసెంబరు, జనవరి నెలలు వచ్చాయంటే ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో తెల్లవారుజామున పళ్ళు టకటకలాడతాయి. రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోవడం ఇక్కడి వారికి వింత కాదు. ఒకప్పుడు పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద కాగు పెట్టి, నాలుగు పత్తికట్టెలు ఎగదోస్తే ఇంటిల్లిపాదికీ వేణ్ణీళ్ళు కాగేవి. ఆ పొయ్యికి మరమ్మత్తు ఖర్చంటూ లేదు. ఇంత మట్టి మెత్తితే సరిపోయేది. ఇప్పుడా స్థానంలో స్నానాలగదికి గీజరు వచ్చింది. సుఖంగానే ఉంది. చిక్కల్లా అది మొరాయించినప్పుడే. వేసవి, వానకాలం ఖాళీగా గోడకు వేలాడి, సరిగ్గా చలి ముదిరిన రోజునే అది పనిచేయడం మానేస్తుంది.

ఆ రోజున మెకానిక్కు దొరకడమే గగనం. దొరికినవాడు మూత విప్పి, లోపలికి తొంగిచూసి, "ఇది పోయింది సార్, కొత్తది తీసుకోండి" అంటే కాదనే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? మెకానిక్కులందరూ మోసగాళ్ళని అనడం అన్యాయం. అయితే లోపల ఏముందో ఇంటివారికి తెలియనంత కాలం, చెప్పినంతా ఇచ్చుకోవలసిందే.

నిజానికి గీజరంత సాదా యంత్రం ఇంట్లో మరొకటి లేదు. నీళ్ళ ట్యాంకు, నీటిని కాచే ఎలిమెంటు, వేడి చాలినప్పుడు కరెంటు ఆపే థర్మోస్టాటు, అది పనిచేయకపోతే అడ్డుపడే కటౌటు, ఆవిరి ఒత్తిడి పెరిగితే తెరుచుకునే సేఫ్టీ వాల్వు, ఒక మెగ్నీషియం కడ్డీ, కొన్ని వాషర్లు. అంతే. ట్యాంకు తప్ప వీటిలో ఏది పోయినా విడిగా మార్చుకోవచ్చు. ఎలిమెంటైనా, థర్మోస్టాటైనా సాధారణంగా వందల రూపాయల సరుకు. 15 లీటర్ల కొత్త గీజరు మాత్రం వేలల్లో మాట. ట్యాంకే చిల్లుపడి కారుతుంటే అతుకులు వేయించడం వృథా. అప్పుడు కొత్తది కొనడమే మేలు. అప్పుడు కూడా ముందు వారంటీ కార్డు తీసి చూడాలి. చాలా కంపెనీలు గీజరు మొత్తానికి ఇచ్చే గడువు వేరు, ట్యాంకుకు ఇచ్చే గడువు వేరు. ట్యాంకు గడువు అయిదేళ్ళు, ఏడేళ్ళు కూడా ఉంటుంది. రెండేళ్ళ వారంటీ అయిపోయిందనుకుని, ట్యాంకు గడువు ఇంకా మిగిలి ఉన్న గీజరును పాతసామాను వాడికి తూకానికి వేసేవారున్నారు.

ఓల్టేజీ సంగతి చూశారా?

"నీళ్ళు త్వరగా కాగడం లేదు" అన్నది అందరి ఫిర్యాదు. దీనికి చిన్న లెక్క ఉంది. 15 లీటర్ల నీటిని 15 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవాలంటే ముప్పాతిక యూనిటుకు కొంచెం ఎక్కువ కరెంటు కావాలి. 2 కిలోవాట్ల గీజరుకు అది సుమారు 24 నిమిషాల పని. అయితే ఇది 230 ఓల్టుల కరెంటు ఉన్నప్పటి మాట. ఊరంతా ఒకేసారి స్విచ్చులు వేసే తెల్లవారుజామున ఓల్టేజీ 180కి దిగితే ఎలిమెంటు శక్తి దాదాపు 40 శాతం తగ్గిపోతుంది. అవే నీళ్ళు కాగడానికి సుమారు 40 నిమిషాలు పడుతుంది. ఇందులో గీజరు తప్పేమీ లేదు. కొత్త ఎలిమెంటు వేయించినా నీళ్ళు అంత నిదానంగానే కాగుతాయి.

ఎలిమెంటు నిజంగా పోయిందా అన్నది మీటరు పెట్టి చూపించమని అడగవచ్చు. 2 కిలోవాట్ల ఎలిమెంటు బాగుంటే మీటరు 26 ఓములకు అటూ ఇటూగా చూపాలి. ముల్లు కదలకపోతే లోపల తీగ తెగినట్టు. ఎలిమెంటు కొసకూ దాని లోహపు గొట్టానికీ మధ్య కరెంటు దారి కనబడితే గొట్టం చిట్లి నీళ్ళలోకి కరెంటు పారుతున్నట్టు. ఇది ప్రాణాలమీదికి తెచ్చే జబ్బు. నల్లా పట్టుకుంటే జివ్వుమంటున్న గీజరును మరో పూట కూడా వాడరాదు. అటువంటి ఇంట్లో ఎలిమెంటుతోపాటు ఎర్తింగు ఉన్నదో లేదో చూపించుకోవాలి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా బిగించుకుంటే ఇంకా మంచిది.

ప్లగ్గు నల్లబడటం మరో రోగం. 2 కిలోవాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని 6 ఆంపియర్ల చిన్న సాకెట్టుకు తగిలిస్తే కాలక ఏంచేస్తుంది? 16 ఆంపియర్ల సాకెట్టు, దానికి తగిన తీగ వేయిస్తే పోయేదానికి గీజరును దింపి షాపుకు మోయనవసరం లేదు.

చుక్కలు పడితే బిరడా బిగించవద్దు

నీళ్ళు కాగేటప్పుడు సేఫ్టీ వాల్వు నుంచి బొట్లు బొట్లుగా కారడం చూసి గీజరు లీకవుతున్నదని కంగారుపడటం కద్దు. వేడెక్కిన నీరు వ్యాకోచిస్తుంది. 15 లీటర్ల నీళ్ళు కాగితే సుమారు 200 మిల్లీలీటర్లు పెరుగుతాయి. వెనక్కు పోయే దారి లేకపోతే ఆ ఎక్కువ నీరు వాల్వు నుంచి బయటికి వస్తుంది. దానికోసమే అది ఉన్నది. గీజరు చల్లగా ఉన్నప్పుడు కూడా ఆగకుండా కారుతుంటేనే వాల్వు మార్చాలి. కొందరు మాత్రం "ఈ చుక్కల గోల ఎందుకు" అని వాల్వు మూతికి బిరడా బిగించేస్తారు, లేదా పని చేసేవాడే బిగించి డబ్బు తీసుకుపోతాడు. ఆపైన ఒకనాడు థర్మోస్టాటు, కటౌటు రెండూ మొరాయిస్తే లోపలి ఒత్తిడికి దారి ఉండదు. ట్యాంకు బాంబులా పేలుతుంది. గీజరు మరమ్మత్తులో ఇంతకు మించిన దుర్మార్గపు పొదుపు లేదు.

ఇక బోరునీటి బెడద. సబ్బు నురగ రాకపోవడం, బకెట్టు అంచుకు తెల్లటి చార కట్టడం కనబడుతున్న ఇళ్ళలో గీజరు లోపలా అదే సున్నం పేరుకుంటుంది. తాగే నీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదనీ, వేరే నీరు లేనిచోట 600 వరకు సర్దుకోవచ్చుననీ భారతీయ ప్రమాణాల సంస్థ చెబుతోంది. అయితే గీజరు ఆ సర్దుబాటును ఒప్పుకోదు. సున్నపు పొర ఎలిమెంటును దుప్పటిలా కప్పేస్తుంది. వేడి నీటికి చేరక ఎలిమెంటే మాడిపోతుంది. నీళ్ళు కాగేటప్పుడు లోపల టపటపమని చప్పుడు వస్తే సున్నం పట్టినట్టే లెక్క.

ఇక్కడే ఆ మెగ్నీషియం కడ్డీ మాట వస్తుంది. మెకానిక్కులు దీన్ని ఆనోడ్ రాడ్ అంటారు. నీటిలోని ఉప్పులు ట్యాంకు ఇనుమును తినకుండా ముందు ఈ కడ్డీని తింటాయి. కడ్డీ కరిగిపోయాక ట్యాంకు వంతు వస్తుంది. మంచి నీటిలో కొన్నేళ్ళు నిలిచే కడ్డీ ఉప్పునీటిలో ఏడాది, రెండేళ్ళకే పుల్లలా మిగులుతుంది. కొత్త కడ్డీ ఖరీదు కొద్ది వందలే. దాన్ని సకాలంలో మార్చనందువల్లే వేల రూపాయల ట్యాంకు చిల్లు పడుతుంది. చిత్రమేమంటే సర్వీసింగు పేరిట డబ్బు తీసుకుని ఈ కడ్డీని విప్పి చూడనివారే ఎక్కువ. "పాత కడ్డీ చూపించు" అని అడగడానికి ఇంటివారు మొహమాటపడకూడదు. ఈ పనంతా అక్టోబరులోనే చేయించుకుంటే మెకానిక్కుకూ తీరిక ఉంటుంది, బేరానికీ వీలుంటుంది.

గ్యాసు గీజర్ల విషయం వేరుగా చెప్పుకోవాలి. వీటిలో డబ్బుకన్నా ప్రాణం ముందు. మంటకు గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. గ్యాసు లీకైతే వాసన వస్తుంది, దీనికి రంగూ వాసనా లేవు. తలుపులు బిగించిన చిన్న స్నానాలగదిలో మనిషి తెలివితప్పి పడిపోయేదాకా తెలియదు. చలికాలంలో ఇటువంటి మరణాల వార్తలు దేశంలో ఎక్కడో ఒకచోట వింటూనే ఉన్నాం. మంట నీలంగా కాక పసుపుగా, పొగచూరుతూ వస్తుంటే వెంటనే ఆపి బర్నరు శుభ్రం చేయించాలి. బర్నరు ఎంత బాగున్నా గ్యాసు గీజరును స్నానాలగది లోపల ఉంచరాదు. బయటి గోడకు బిగించి వేడినీటి పైపు ఒక్కటే లోపలికి తేవాలి.

మరమ్మత్తు చేయించినప్పుడు ఏ భాగం మార్చారో, దాని ఖరీదెంతో, కూలి ఎంతో విడివిడిగా రాసిన బిల్లు అడిగి తీసుకోవాలి. జీఎస్టీ వసూలు చేస్తే బిల్లుపై ఆ నంబరు ఉండి తీరాలి. తీసేసిన పాత భాగాన్ని ఇంట్లోనే వదిలి వెళ్ళమనాలి. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి. అన్యాయం జరిగిందనుకున్నవారు జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడ తేలకపోతే రెండేళ్ళలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేసుకోవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు. వకీలును పెట్టుకోవాలన్న నిబంధన కూడా లేదు.