నలుగురి పెరడు

తెల్లారేసరికి కడియం రోడ్డు మీద ఆటోలు కిటకిటలాడతాయి. చేతిలో క్యారేజీ, నెత్తికి చుట్టిన తువ్వాలు... నర్సరీ పనికి వెళ్లే ఆడవాళ్లు. రాజమహేంద్రవరం పక్కనే కడియం, కడియపులంక చుట్టూ వేల ఎకరాల్లో పరుచుకున్న నర్సరీల్లో సంచుల్లో మట్టి నింపేదీ, కలుపు తీసేదీ, మొక్కల్ని బిడ్డల్లా సాకేదీ ఎక్కువగా వాళ్లే. ఆ మొక్కలు లారీలెక్కి ఎక్కడెక్కడికో వెళ్తాయి. ఎవరి బంగళా ముందో పూస్తాయి.

మరి వాళ్ల గుమ్మం ముందు? చాలామందికి ఓ ఆనపపాదు పాకించుకునేంత జాగా కూడా ఉండదు.

ఆ మాటకొస్తే ఊళ్లో మనకు మాత్రం ఉందా? ఒకప్పుడు గోదావరి జిల్లాల్లో ఇల్లంటే సగం పెరడే. కంద, బచ్చలి, గోరింట, నిమ్మచెట్టు, ఓ మూల ములగ. గోడకి ఇటు అత్తయ్యగారు, అటు పక్కింటి వదినగారు. కూరాకు చేతులు మారేది, కష్టసుఖాలూ చేతులు మారేవి. అపార్ట్‌మెంట్లు వచ్చాక పెరడు పోయింది. దాంతోపాటే ఆ కబుర్లూ పోయాయి.

ఇంటికో పెరడు కుదరనప్పుడు నలుగురికీ కలిపి ఒకటి ఉంటే? ఇదేమీ వింత ఆలోచన కాదు. తోట వేసుకోవాలని జనం కోరితే స్థానిక సంస్థలు చిన్న చిన్న మడులు అద్దెకివ్వాలని బ్రిటన్‌లో 1908లోనే చట్టం చేశారు. అంతదూరం ఎందుకు? మన తెలుగు ఆడవాళ్లు అంతకంటే పెద్ద పనే చేసి చూపించారు.

పస్తాపూర్ అక్కలు

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతం మన డెల్టాలా కాదు. కాలవల్లేవు, వానే దిక్కు. అక్కడి పస్తాపూర్ కేంద్రంగా పి.వి.సతీష్, ఆయన మిత్రులు 1983లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని మొదలుపెట్టారు. ఊరూరా ఆడవాళ్ల సంఘాలు ఏర్పడ్డాయి. సభ్యుల్లో ఎక్కువమంది దళిత మహిళలు, కూలికి వెళితేగానీ పొయ్యి వెలగని వాళ్లు.

ఒక్కరి కూలిడబ్బుతో కౌలుకు రాని భూమి పదిమంది చేతులు కలిపితే వచ్చింది. పని కలిసి చేశారు, పంట కలిసి పంచుకున్నారు. జొన్న, సజ్జ, కొర్ర, కంది, అలసంద, అనుములు... ఒకే చేలో ఇరవై రకాల దాకా! వాన మొహం చాటేసి ఒకటి పోయినా ఇంకోటి నిలబడుతుంది. అందరూ కలుపని పీకి పారేసే తుమ్మికూర, గునుగుకూర, పొనగంటికూర వాళ్ల వంటింట్లో ఆరోగ్యాన్నిచ్చే ఆకుకూరలే.

అసలు మార్పు విత్తనంతో వచ్చింది. బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాచిన పాత విత్తనాలు ఆ అక్కలకు కొత్త గౌరవం తెచ్చాయి. ఒకప్పుడు వీళ్లని కూలికి పిలిచిన రైతులే విత్తనం కోసం వీళ్ల గడపకు వచ్చిన సందర్భాలున్నాయి. ఏటా సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద విత్తనాలు పేర్చుకుని ‘పాత పంటల జాతర’ చేయడం ఆనవాయితీ అయింది. 2008లో మాచనూరులో సొంతంగా ‘సంఘం రేడియో’ పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి అందుకున్నారు. సతీష్ 2023లో కన్నుమూశారు.

మనసుకీ మంచిదే

మట్టిలో చెయ్యిపెడితే మనసు తేలికపడుతుందని మన అమ్మమ్మలకు తెలుసు. నెదర్లాండ్స్‌లో దాన్ని పరీక్షించి చూశారు. ఇలాంటి ఉమ్మడి తోటల్లో మడులున్న 30 మందికి ముందు బుర్ర వేడెక్కే పనొకటి ఇచ్చారు. తర్వాత అరగంటసేపు కొందరిని తోటపని చేయమన్నారు, కొందరిని పుస్తకం చదువుకోమన్నారు. ఒత్తిడిని సూచించే కార్టిసాల్ హార్మోన్ ఇద్దరిలోనూ తగ్గింది కానీ, తోటపని చేసినవాళ్లలో ఎక్కువగా తగ్గింది. 2011లో వచ్చిన ఈ అధ్యయనం చిన్నదే. దిగులు వారాల తరబడి వదలకపోతే మాత్రం తోటతో సరిపెట్టుకోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

ఒంటి సంగతి చూస్తే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. డాక్టరిచ్చిన ఐరన్ మాత్రలకు ఆకుకూరలు తోడైతే మంచిదే. తోటకూర పప్పులో నిమ్మరసం పిండుకుంటే అందులోని ఇనుము ఒంటికి ఇంకాస్త బాగా పడుతుంది.

మనమూ వేద్దామా?

మనకు డ్వాక్రా సంఘాలు ఉండనే ఉన్నాయి. 2016లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం వేళ్లూనుకుంది కూడా ఈ మహిళా సంఘాల మీదే. 2024లో దానికి పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతిలో వాటా దక్కింది. పొదుపు కోసం కూర్చునే ఆ పదిమందే తోట కోసమూ కూర్చోవచ్చు.

వీధిలో ఖాళీ స్థలం ఉంటే యజమానిని అడిగి, ఎన్నాళ్లకు ఇస్తున్నారో కాగితం మీద రాయించుకోండి. పాదులు కాపుకొచ్చే వేళకు ఖాళీ చేయమంటే కడుపు మండిపోతుంది! రోజుకు ఐదారు గంటలు ఎండ తగలాలి, నీళ్లు దగ్గర్లో ఉండాలి. మురుగునీరు మాత్రం వద్దు. స్థలం దొరక్కపోతే మేడమీద సంచుల్లోనే మొదలుపెట్టండి. మొదట తోటకూర వేయండి, మూడు నాలుగు వారాల్లో కోతకొచ్చి హుషారిస్తుంది. తర్వాత గోంగూర, బచ్చలి, పందిరికి ఆనప. నీళ్లు పోసే వంతు ఎవరిది, కాసినవి ఎలా పంచుకోవాలి అన్నది ముందే తేల్చుకోవాలి. తగువులొచ్చేది అక్కడే.

ఇంకో మాట. ఇది ఆడవాళ్ల నెత్తిన ఇంకో చాకిరీ కాకూడదు. ఆ గంటసేపు ఇంట్లో అన్నం వార్చే పని మగవాళ్లు చూసుకోవాలి. పని అయ్యాక గట్టుమీద కూర్చుని చెప్పుకునే కబుర్లు కూడా తోటపనిలో భాగమే.

కడియంలో ఈ పూట కూడా ఓ లారీ నిండుతూనే ఉంటుంది. ఆ మొక్కల్ని పెంచిన చేతులకూ నలుగురితో కలిసి ఓ మడి ఉంటే... సాయంత్రం ఆటో దిగి ఇంటికెళ్లే దారిలో, కంద బచ్చలి కూరకి కావలసిన ఆకు తన మడిలోనే కోసుకుంటుంది.