మనోడిది ఆవేశం... అవతలోడిది అరాచకం!

ఖాకీ చొక్కా ఒకటే. దాన్ని తూలనాడిన నోళ్లు మారాయి, ఆ నోళ్లను వెనకేసుకొచ్చిన పార్టీలూ మారాయి. 2018 నుంచి 2025 దాకా ఉమ్మడి అనంతపురం గడ్డ మీద ఈ తంతు మూడుసార్లు నడిచింది. మూడుసార్లూ మాటను తూచింది జెండా రంగే!

మీసం మెలేసిన సీఐ

2018 సెప్టెంబరు. తాడిపత్రి దగ్గరి చిన్నపొలమడలో వినాయక నిమజ్జనం వేళ ప్రబోధానంద ఆశ్రమవాసులకూ గ్రామస్థులకూ గొడవ ముదిరింది. అప్పటి అనంతపురం టీడీపీ ఎంపీ జేసీ దివాకర్‌రెడ్డి పోలీసుస్టేషన్ ముందు బైఠాయించారు. రాష్ట్రంలో అధికారం ఆయన పార్టీదే. అయినా పోలీసుల మగతనాన్నే ఎగతాళి చేస్తూ మాట్లాడారు. కదిరి సీఐగా ఉన్న గోరంట్ల మాధవ్ ఖాకీ దుస్తుల్లోనే మీడియా ముందుకొచ్చి మీసం మెలేశారు. పోలీసులను కించపరిస్తే నాలుక కోస్తానన్నారు.

నాలుక కోయడం ఏ చట్టంలోనూ లేదు. యూనిఫామ్‌లో ఉన్న అధికారి అనాల్సిన మాట అసలే కాదు. తెలుగుదేశానికి అది బరితెగింపులా కనిపించింది. వైఎస్సార్‌సీపీ అందులో ఆత్మగౌరవం చూసింది, 2019లో హిందూపురం లోక్‌సభ టికెట్ ఇచ్చింది. మాధవ్ లక్షకు పైగా ఆధిక్యంతో గెలిచారు.

బూటు చుట్టూ రాజకీయం

2019 డిసెంబరు నాటికి ప్రభుత్వం మారింది. అనంతపురంలో టీడీపీ అధినేత చంద్రబాబు సమక్షంలోనే జేసీ మళ్లీ నోరు పారేసుకున్నారు. తాము అధికారంలోకొస్తే బూట్లు నాకే పోలీసులను తెచ్చుకుంటామన్నారు. కేసు నమోదైంది. మాధవ్ విలేకరుల ముందు పోలీసు బూటు తుడిచి ముద్దుపెట్టారు. కార్యకర్తలపై వేధింపులు చూసి కడుపు మండి అన్న మాట అని టీడీపీ అభిమానులు సర్దిచెప్పారు. ఖాకీ గౌరవం కాపాడే బాధ్యత వైసీపీ భుజానికెత్తుకుంది.

2025 ఏప్రిల్ 8న రామగిరి మండలం పాపిరెడ్డిపల్లిలో పాత్రలు తారుమారయ్యాయి. అప్పటికి ప్రభుత్వం మళ్లీ మారింది. హత్యకు గురైన తమ పార్టీ కార్యకర్త కుటుంబాన్ని పరామర్శించేందుకు వచ్చిన వైసీపీ అధినేత జగన్, తాము తిరిగి అధికారంలోకి వచ్చాక తప్పు చేసిన పోలీసుల బట్టలు ఊడదీసి నిలబెడతామన్నారు. అది కష్టపడి చదివి తెచ్చుకున్న యూనిఫామ్ అనీ, ఒలిచి పారేయడానికి అరటి తొక్క కాదనీ రామగిరి ఎస్సై వీడియోలో బదులిచ్చారు. ఈసారి ఖాకీ గౌరవం టీడీపీకి గుర్తొచ్చింది. కడుపుమంట అనే సమర్థన వైసీపీ చేతికొచ్చింది.

మరో రెండు రోజులకే ఇంకో మలుపు. జగన్ సతీమణిపై అసభ్యంగా మాట్లాడిన తమ కార్యకర్తను టీడీపీ సస్పెండ్ చేసింది, పోలీసులు అరెస్టు చేశారు. అతణ్ని తీసుకెళ్తుండగా దాడికి ప్రయత్నించారన్న కేసులో గోరంట్ల మాధవ్ అరెస్టయ్యారు. ఒకనాడు పోలీసుల పరువు కోసం మీసం మెలేసిన మనిషి మీదే పోలీసుల అదుపులోని నిందితుడిపైకి వెళ్లారన్న ఆరోపణ! ఇక సొంత మనిషి మీద పార్టీయే చర్య తీసుకోవడం మన దగ్గర అరుదు. అందుకే దాన్ని ఒప్పుకోవాలి. కాకపోతే ఆ కొరడా ఎప్పుడూ చిన్న కార్యకర్త వీపు మీదే ఎందుకు పడుతుందో కూడా అడగాలి.

గురివింద గింజలు

ఇది ఒక్క జిల్లా జబ్బు కాదు. 2017 ఆగస్టులో నంద్యాల ఉప ఎన్నిక సభలో జగన్, చంద్రబాబును నడిరోడ్డుపై కాల్చినా తప్పులేదన్నారు. టీడీపీ ఎన్నికల సంఘం తలుపు తట్టింది. 2021 అక్టోబరులో టీడీపీ అధికార ప్రతినిధి పట్టాభి, ముఖ్యమంత్రి జగన్‌ను బూతు మాట అన్నారు. మంగళగిరిలోని ఆ పార్టీ కార్యాలయంపై దాడి జరిగింది. తనను అభిమానించేవాళ్లకు బీపీ పెరిగిందని ముఖ్యమంత్రే అన్నారు. తుపాకీ మాట అన్నప్పుడు ఎదుటివారి బీపీ సంగతి ఎవరికీ పట్టలేదు.

పుస్తకాల కథా ఇంతే. అధికారుల పేర్లు రాసుకుంటున్నానంటూ టీడీపీ నేత లోకేశ్ రెడ్‌బుక్ చూపించారు. దాన్ని బెదిరింపు అన్న వైసీపీ, 2025 సెప్టెంబరులో తానే డిజిటల్ బుక్ తెరిచింది.

అసలు కిటుకు బదిలీల్లో

ఏ పార్టీ అయినా పోలీసునే ఎందుకు తిడుతుంది? ఫలానా ఎస్సై ఎమ్మెల్యే సిఫార్సు లేఖతో వచ్చాడని ఊరంతా అనుకుంటుంది గనక! ప్రకాశ్ సింగ్ కేసులో 2006లోనే సుప్రీంకోర్టు స్టేషన్ అధికారికి కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలంది, రాజకీయ ఒత్తిళ్లకు అడ్డుకట్టగా రాష్ట్ర భద్రతా కమిషన్ వేయమంది. బదిలీల పగ్గాలు నేతల చేతుల్లో ఉన్నన్నాళ్లూ ప్రతిపక్షానికి పోలీసు అవతలి పార్టీ మనిషిలానే కనిపిస్తాడు. ఆ అనుమానంలో కొంత నిజమూ ఉంటుంది.

కేసుల ఎత్తివేతదీ అదే దారి. సర్కారు మారితే తమవాళ్ల మీద కేసులు మాఫీ చేసుకునే అలవాటుకు సుప్రీంకోర్టు 2021 ఆగస్టులో కళ్లెం వేసింది. ఎంపీలు, ఎమ్మెల్యేలపై కేసులను హైకోర్టు అనుమతి లేకుండా ఉపసంహరించరాదంది.

ధర్నా అంటే భజన కాదు. అయినవాళ్లను కోల్పోయిన ఇంటి ముందు నిలబడిన నేత గొంతు పెరగడం సహజం. ప్రభుత్వాన్ని ఎండగట్టే హక్కు ఎవరికైనా ఉంది. కానీ ‘నువ్వు తప్పు చేశావు’ అనడం విమర్శ. ‘మేమొచ్చాక నీ సంగతి చూస్తాం’ అనడం బెదిరింపు. ఈ గీత పార్టీని బట్టి జరగకూడదు.

1975 నుంచి 2005 దాకా కక్షల నెత్తుటి లెక్క చూసిన నేల అనంతపురం. 2005 జనవరి 24న టీడీపీ నేత పరిటాల రవి హత్య జరిగింది జిల్లా కేంద్రంలోని ఆ పార్టీ కార్యాలయం దగ్గరే. ఇక్కడ నాయకుడి మాట మైకు దగ్గర ఆగదు, ఊళ్లోకి నడుస్తుంది. నాయకులు మాట్లాడతారు, కోర్టు వాయిదాలకు తిరిగేది మాత్రం చెనక్కాయ విత్తే అదను పోగొట్టుకున్న కార్యకర్త.

కాబట్టి పాఠకులకు ఒక్క మనవి. ఈసారి ఫోన్లో ఏ నాయకుడి ప్రసంగం వచ్చినా, ఆ మాటే అవతలి పార్టీ నేత నోట వచ్చినట్టు ఊహించుకోండి. అప్పుడు తప్పనిపిస్తే ఇప్పుడూ తప్పే. దాన్ని ఇతరులకు పంపకండి. మీ నాయకుణ్నే ముందు నిలదీయండి.