పైలట్ గడువులు, విమానం కాగితాలు

హైదరాబాద్‌కు ఉత్తరాన, నాగపూర్ రహదారిపై సుచిత్ర కూడలికీ కొంపల్లికీ నడుమ ఉన్న పేట్ బషీరాబాద్‌కు మూడు దిక్కులా విమాన క్షేత్రాలున్నాయి. తూర్పు వైపున హకీంపేట వైమానిక దళ స్థావరం, పడమటి వైపున దుండిగల్‌లోని వైమానిక దళ అకాడమీ, దక్షిణాన బేగంపేట పాత విమానాశ్రయం ఉండటం వల్ల ఈ పరిసరాల వారికి శిక్షణ విమానాల చప్పుడు కొత్త కాదు. అయితే నేల మీది నుంచి చూసేవారికి ఒకే తీరుగా కనిపించే ఆ చిన్న విమానాలు రెండు వేర్వేరు వ్యవస్థలకు లోబడి ఎగురుతాయి. హకీంపేట, దుండిగల్ విమానాలూ వాటిని నడిపేవారూ వైమానిక దళం సొంత నియమాల కిందికి వస్తే, బేగంపేటలోని తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ వంటి పౌర శిక్షణ సంస్థల విమానమూ, అందులో కూర్చునే విద్యార్థీ, నేర్పే శిక్షకుడూ, మరమ్మతు చేసే ఇంజినీరూ పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే అందరూ డీజీసీఏ అని పిలిచే సంస్థ పర్యవేక్షణలో ఉంటారు.

ఈ పర్యవేక్షణకు చాలాకాలం ఆధారంగా నిలిచినవి 1934 నాటి విమాన చట్టమూ, దాని కింద 1937లో రూపొందిన విమాన నియమాలూ. ఆ పాత చట్టం స్థానంలో వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. నేటి నిబంధనల వెనుక ఒక అంతర్జాతీయ ఒప్పందం ఉంది. 1944 డిసెంబరు 7న షికాగో నగరంలో 52 దేశాలు సంతకం చేసిన ఆ ఒప్పందంలోని 29వ అధికరణం, దేశాల మధ్య ఎగిరే ప్రతి విమానంలో ఏయే పత్రాలు ఉండాలో పేర్కొంది. రిజిస్ట్రేషన్ పత్రం, ఎగిరే యోగ్యతను తెలిపే ధ్రువపత్రం, సిబ్బందిలో ప్రతి ఒక్కరి లైసెన్సు, ప్రయాణ లాగ్‌బుక్, రేడియో ఉంటే దాని లైసెన్సు, ప్రయాణికులుంటే వారి పేర్ల జాబితా, సరుకు ఉంటే దాని వివరం అనే ఆ జాబితా ఇప్పటికీ మూలరూపంలో మారలేదు. అందులో మనిషి అర్హతనూ యంత్రం అర్హతనూ ఒకే వరుసలో నిలబెట్టడం గమనించదగినది. పైలట్ ఎంత సమర్థుడైనా విమానం కాగితాలు చెల్లకపోతే, విమానం ఎంత కొత్తదైనా పైలట్ గడువు దాటిపోతే, ఆ ప్రయాణం చట్టబద్ధం కాదు.

హైదరాబాద్‌కు ఈ రంగంతో సంబంధం పాతదే. నిజాం ప్రభుత్వం, టాటాల భాగస్వామ్యంతో ఏర్పడిన డెక్కన్ ఎయిర్‌వేస్ 1940వ దశకంలో బేగంపేట కేంద్రంగా డకోటా విమానాలు నడిపి, 1953 జాతీయీకరణలో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. 1947లో వాణిజ్య పైలట్ లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్‌ను, ఇతర సంస్థలు కాదన్నాక, ఉద్యోగంలోకి తీసుకున్నది ఈ డెక్కన్ ఎయిర్‌వేసే. దేశంలో తొలి మహిళా వాణిజ్య పైలట్ అనే గౌరవం ఆమెది. లైసెన్సు ఆడా మగా తేడా చూడకపోయినా ఉద్యోగమిచ్చేవారు చూసిన ఆ రోజుల్లో హైదరాబాద్ సంస్థ వేసిన ఆ అడుగును ఈ నగరం ఇంకా తగినంతగా గుర్తుపెట్టుకోవలసి ఉంది.

జీతం తీసుకుని విమానం నడపడానికి కావలసిన కనీస అర్హత వాణిజ్య పైలట్ లైసెన్సు. దీన్ని శిక్షణ సంస్థల్లో సీపీఎల్ అనే అంటారు. విమానాలకూ హెలికాప్టర్లకూ ఇది వేర్వేరుగా ఉంటుంది. విద్యార్థి పైలట్ లైసెన్సుకు 16 ఏళ్లు చాలు గాని, సీపీఎల్‌కు 18 ఏళ్లు నిండాలి. ఇంటర్మీడియట్‌లో భౌతిక, గణిత శాస్త్రాలు చదివి ఉండాలన్న నిబంధన మీదనే సీపీఎల్ విద్యార్థుల ఎంపిక చాలాకాలంగా సాగుతోంది. వైద్య పరీక్ష రెండు మెట్లుగా జరుగుతుంది. మొదట రెండో తరగతి పరీక్ష డీజీసీఏ గుర్తించిన వైద్యుల వద్ద ముగుస్తుంది. వాణిజ్య లైసెన్సుకు తప్పనిసరైన మొదటి తరగతి పరీక్షను తొలిసారి బెంగళూరులోని వైమానిక వైద్య సంస్థ వంటి నిర్దేశిత కేంద్రంలో చేయించుకోవాలి. లక్షల రూపాయల ఫీజు కట్టాక చూపులోనో గుండెలోనో లోపం బయటపడి వెనుదిరిగే పరిస్థితి రాకుండా, మొదటి తరగతి వైద్య ధ్రువపత్రం చేతికి వచ్చిన తర్వాతే ఫ్లయింగ్ ఫీజు కట్టడం తల్లిదండ్రులు పాటించదగిన జాగ్రత్త.

రాత పరీక్షల్లో వాయుయాన నిబంధనలు, దారి నిర్ణయించే నావిగేషన్, వాతావరణ శాస్త్రం, విమాన నిర్మాణానికీ ఇంజిన్లకూ సంబంధించిన సాంకేతిక పత్రాలు ఉంటాయి. ఒక్కో దానిలో 70 శాతం మార్కులు రావాలి. రేడియోలో మాట్లాడేందుకు వేరే పరీక్ష, వేరే లైసెన్సు అవసరం. ఆ పరీక్షను చాలాకాలం టెలికాం శాఖ నిర్వహించగా, కొత్త చట్టం ఆ అధికారాన్ని డీజీసీఏకు అప్పగించింది.

పరీక్షల కన్నా ముఖ్యమైనవి గంటలు. సీపీఎల్‌కు మొత్తం 200 గంటల ఫ్లయింగ్ కావాలి, అందులో కనీసం 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత పూర్తిగా తన మీదనే ఉంచుకుని ఎగిరినవి కావాలి. ఆ వందలో 15 గంటలు దరఖాస్తుకు ముందరి ఆరు నెలల్లోనివై ఉండాలన్న షరతు, ఎప్పుడో నేర్చుకుని వదిలేసిన విద్యను చూపించి లైసెన్సు అడిగే వీలు లేకుండా చేస్తుంది. కంటికి ఏమీ కనబడకపోయినా పరికరాల ముళ్లను మాత్రమే చూసి నడిపే అభ్యాసం 10 గంటలు ఉండాలి, అందులో నేల మీది సిమ్యులేటర్‌లో చేసినవి ఐదు గంటలకు మించరాదు. రాత్రి ఫ్లయింగ్ ఐదు గంటలు, అందులో పదిసార్లు లేవడం, పదిసార్లు దిగడం తప్పనిసరి. క్రాస్ కంట్రీ, అంటే ఒక క్షేత్రం నుంచి బయలుదేరి దూర ప్రాంతానికి ఎగిరే ప్రయాణాలు, కమాండ్‌లో 20 గంటలు ఉండాలి. వాటిలో ఒకటి కనీసం 300 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 555 కిలోమీటర్లు సాగి, మధ్యలో రెండు వేర్వేరు విమానాశ్రయాల్లో దిగి పూర్తిగా ఆగాలి.

ఈ అంకెల వెనుక ఎంత కష్టం ఉందో బయటివారికి అంతగా తెలియదు. ఒంటరిగా ఎగిరే విద్యార్థి పటమూ గాలివాటమూ ఇంధనమూ రేడియో మాటలూ ఏకకాలంలో చూసుకోవాలి. దారి తప్పినా, మబ్బు కమ్మినా పక్క సీటులో అడగడానికి ఎవరూ ఉండరు. 2022 ఫిబ్రవరి 26న నల్లగొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి వద్ద ఒక శిక్షణ విమానం పొలాల్లో కూలి, అందులో ఒంటరిగా ఉన్న యువ విద్యార్థిని మరణించింది. నిబంధనల పుస్తకంలో ఒక పంక్తిగా కనిపించే ఒంటరి గంటలు ఎంత ప్రమాదంతో కూడుకున్నవో ఆ మరణం గుర్తుచేస్తుంది.

అమెరికాలో శిక్షణ పొందే తెలుగు యువకులకు అక్కడి సాధారణ మార్గంలో 250 గంటలు అవసరమవుతాయి. అయితే ఆ లైసెన్సుతో తిరిగి వచ్చి ఇక్కడ ఉద్యోగానికి పోవడం కుదరదు; దాన్ని భారతీయ లైసెన్సుగా మార్చుకోవడానికి డీజీసీఏ నిర్దేశించిన రాత పరీక్షలు రాయాలి, ఫ్లయింగ్‌లో నైపుణ్యం చూపాలి. ఇక సీపీఎల్ చేతికి వచ్చినవారు పెద్ద జెట్ విమానాల్లో నేరుగా కెప్టెన్లు కాలేరు. నడపబోయే ప్రతి రకం పెద్ద విమానానికీ టైప్ రేటింగ్ అనే వేరే శిక్షణ పూర్తిచేసి కో-పైలట్‌గా చేరి, 1,500 గంటలు నిండి, 21 ఏళ్లు దాటాక ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ లైసెన్సు పొందినవారే ఆ స్థానానికి అర్హులవుతారు.

సీపీఎల్ వచ్చిందంటే జీవితాంతం వచ్చినట్లేనన్న అభిప్రాయం బలంగా ఉంది. నిజానికి ఒకే లైసెన్సు మీద అనేక గడువులు ఒకేసారి నడుస్తుంటాయి. 2023 సవరణతో లైసెన్సు చెల్లుబాటు ఐదేళ్ల నుంచి పదేళ్లకు పెరిగింది గాని, వైద్య ధ్రువపత్రం సాధారణంగా పన్నెండు నెలలే చెల్లుతుంది, 60 ఏళ్లు దాటినవారికి అది ఆరు నెలలకు తగ్గుతుంది. ప్రయాణికులను ఎక్కించుకోవాలంటే గడచిన 90 రోజుల్లో కనీసం మూడుసార్లు లేచి, మూడుసార్లు దిగి ఉండాలి. విమానం ఎక్కడానికి ముందు పన్నెండు గంటలపాటు మద్యం ముట్టకూడదు. పదేళ్ల నుంచి పన్నెండు గంటల దాకా పరుచుకున్న ఈ గడువుల్లో ఏ ఒక్కటి తప్పినా, జేబులో లైసెన్సు ఉన్న పైలట్ ఆ రోజుకు పైలట్ కాడు. ఈ కఠినత్వం అతిశయం కాదు. వెనుక కూర్చున్న ప్రయాణికుడికి పైలట్‌ను పరీక్షించే శక్తి లేదు కాబట్టి, అతని తరఫున పరీక్షించే పని ఈ గడువులే చేస్తాయి.

విమానం కాగితాల విషయానికి వస్తే, కారుకు ఆర్‌సీ ఎలాంటిదో విమానానికి రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం అలాంటిది. విమానం యజమాని ఎవరో, తోక వద్ద వీటీ అక్షరాలతో మొదలయ్యే గుర్తు ఏదో అందులో ఉంటుంది. ఆ విమానం ఆమోదించిన నమూనా ప్రకారం తయారై, సురక్షితంగా ఎగిరే స్థితిలో ఉందని చెప్పేది ఎగిరే యోగ్యత ధ్రువపత్రం. ఏడాదికోసారి విమానాన్నీ దాని రికార్డులనూ పరిశీలించి ఇచ్చే సమీక్షా ధ్రువపత్రం తోడుంటేనే అది చెల్లుతుంది. మరమ్మతు చేసిన ప్రతిసారీ లైసెన్సు పొందిన నిర్వహణ ఇంజినీరు, పని సక్రమంగా పూర్తయిందని సంతకం చేసి విమానాన్ని తిరిగి సేవకు విడుదల చేయాలి. వీటితోపాటు రేడియో లైసెన్సు, శబ్ద ప్రమాణ పత్రం, ఆ రకం విమానం ఫ్లైట్ మాన్యువల్, అత్యవసర చెక్‌లిస్టులు, ప్రయాణ లాగ్‌బుక్ విమానంలో ఉండాలి. డబ్బు తీసుకుని ప్రయాణికులను తీసుకువెళ్లే సంస్థ అయితే దాని నిర్వాహక అనుమతి పత్రం నకలు కూడా ఉండాలి.

వీటిలో సామాన్యుడికి అన్నిటికన్నా తక్కువగా తెలిసినది, నిజానికి ప్రతి ప్రయాణానికీ కొత్తగా రాయవలసినది, లోడ్ అండ్ ట్రిమ్ షీట్. విమానంలో ఎంత బరువు ఎక్కడ ఉందో, దాని భారకేంద్రం అనుమతించిన హద్దుల్లో ఉందో లేదో లెక్కకట్టే కాగితం ఇది. శిక్షణ సంస్థల్లో ఎక్కువగా కనిపించే సెస్నా 172 విమానాన్ని ఉదాహరణగా తీసుకుంటే, దాని తాజా నమూనాలకు లేచేటప్పుడు ఉండదగిన గరిష్ఠ బరువు 1,157 కిలోలు. ఖాళీ విమానం సుమారు 770 కిలోలు తూగుతుందనుకుంటే, ట్యాంకులు నింపిన ఇంధనం మరో 144 కిలోలు పోగా మనుషులకూ సామానుకూ మిగిలేది 240 కిలోలకు కాస్త ఎక్కువ. అందులో సీట్లు నాలుగున్నా, మనిషికి 75 కిలోల చొప్పున నలుగురు పెద్దవాళ్లు కూర్చుంటే 300 కిలోలవుతుంది. అంటే ట్యాంకులు నిండిన ఆ నాలుగు సీట్ల విమానం ముగ్గురితోనే ఎగరాలి. నాలుగో మనిషి ఎక్కాలంటే ఇంధనం తగ్గించుకోవాలి. బేగంపేట సముద్రమట్టానికి సుమారు 530 మీటర్ల ఎత్తున ఉండటం, మే నెల మధ్యాహ్నపు ఎండలో గాలి మరింత పలుచబడటం వల్ల రెక్కలకు దొరికే ఊతమూ ఇంజిన్ శక్తీ తగ్గి, లేవడానికి రన్‌వే ఎక్కువ పడుతుంది. ఫ్లైట్ మాన్యువల్‌లోని పట్టికలు ఆ లెక్క చెబుతాయి. వాటిని చూడకుండా ఎగరడం నిబంధన ఉల్లంఘన ఒక్కటే కాదు, ప్రాణాలతో చెలగాటం.

తెలుగువారికి ఈ కాగితాల ప్రాధాన్యం అత్యంత బాధాకరంగా తెలిసినది 2009 సెప్టెంబరు 2న. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన బెల్ 430 హెలికాప్టర్ నల్లమల అడవిలో పావురాలగుట్ట వద్ద కూలి, ఆయనతోపాటు మరో నలుగురు మరణించారు. డీజీసీఏ వెబ్‌సైట్‌లో ఆ హెలికాప్టర్ యోగ్యత ధ్రువపత్రం గడువు ముగిసిపోయినట్లు కనిపించడంతో ఆ రోజుల్లో పెద్ద దుమారం రేగింది. ధ్రువపత్రం చెల్లుబాటులోనే ఉందని, వెబ్‌సైట్‌లోని వివరమే పాతదని అధికారులు తర్వాత వివరణ ఇచ్చారు. ఆ గందరగోళంలో మరుగున పడినది, విచారణ సంఘం నివేదికలో అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. గేర్‌బాక్సు చమురుకు సంబంధించిన హెచ్చరిక కనిపించినప్పుడు పైలట్ల దృష్టి ఆరు నిమిషాలకు పైగా మాన్యువల్‌లో సంబంధిత భాగం వెతకడం మీదనే నిలిచిందనీ, ఆ సమయంలోనే హెలికాప్టర్ తీవ్రమైన వాతావరణంలోకి సాగిందనీ, చివరికి కిందికి వీచే బలమైన గాలిలో చిక్కి అదుపు తప్పిందనీ ఆ నివేదిక పేర్కొంది. పత్రం విమానంలో ఉండటం చట్టం అడిగే కనీసం మాత్రమే. అందులో ఏది ఏ పేజీలో ఉందో ఎగరక ముందే తెలిసి ఉండటం శిక్షణ అడిగేది.

కాగితాలు అబద్ధం చెప్పినప్పుడు ఈ వ్యవస్థ అంతా కూలిపోతుంది. 2011లో నకిలీ మార్కుల పత్రాలతో లైసెన్సులు పొందిన కొందరు పైలట్లు బయటపడి, డీజీసీఏ దేశవ్యాప్తంగా వేలాది లైసెన్సులను తిరిగి తనిఖీ చేయవలసి వచ్చింది. కొన్నిచోట్ల ఎగరని గంటలను ఎగిరినట్లు పైలట్ల సొంత లాగ్‌బుక్కుల్లో రాసిన ఉదంతాలూ వెలుగుచూశాయి. లాగ్‌బుక్‌లో దొంగగా చేరిన ప్రతి గంటా ఎప్పుడో ఒకనాడు వెనుక సీట్లలో కూర్చోబోయే అపరిచితుల భద్రత నుంచి దొంగిలించినదే కనుక, దీన్ని సాధారణ మోసంగా చూడటం తగదు. 2025 ఫిబ్రవరిలో ప్రవేశపెట్టిన ఎలక్ట్రానిక్ లైసెన్సుతో, చైనా తర్వాత ఈ విధానం చేపట్టిన రెండో దేశంగా భారత్ నిలిచింది. దీనివల్ల లైసెన్సు అసలైనదో కాదో వెంటనే తేల్చుకోవచ్చు. గంటలు నిజమైనవో కావో తేల్చవలసినది మాత్రం శిక్షణ సంస్థ రికార్డులే.

మేడ్చల్, శామీర్‌పేట పరిసరాల నుంచి పిల్లలను ఈ చదువుకు పంపదలచిన కుటుంబాలు ప్రకటనల్లోని ఉద్యోగ హామీల కన్నా ముందు కొన్ని సంగతులు అడిగి తెలుసుకోవచ్చు. ఆ సంస్థ డీజీసీఏ వెబ్‌సైట్‌లోని ఆమోదిత శిక్షణ సంస్థల జాబితాలో ఉందో లేదో చూడవచ్చు. ఉన్న విమానాల్లో ఇప్పుడు సమీక్షా ధ్రువపత్రం చెల్లుబాటులో ఉండి ఎగురుతున్నవి ఎన్నో, వాటి మీద ఆధారపడిన విద్యార్థులు ఎందరో, నెలకు ఒక్కో విద్యార్థికి సగటున ఎన్ని గంటలు దొరుకుతున్నాయో అడగవచ్చు. హ్యాంగర్‌లో నిలిచిపోయిన విమానం గంటలు ఇవ్వదు. గంటలు ఆలస్యమైతే 15 గంటల షరతు వల్ల ముందు చేసిన ఫ్లయింగ్‌లో కొంత మళ్లీ చేయవలసి రావచ్చు, ఆ ఖర్చు కుటుంబం మీదనే పడుతుంది. ఫీజు కట్టిన తర్వాత ఈ ప్రశ్నలకు జవాబు రాబట్టడం కష్టం కనుక, అవి ముందే అడగవలసినవి.